ముద్ర లేని పోగు

తుమ్మపొదల మధ్య కనకయ్య అనే ముసలి సాలీడు పెద్ద గూడు అల్లించాడు. అక్కడ పనిచేసే సాలీళ్లు తమ సొంత పోగులు గూటికి తగిలించుకుని ఇంటి కబుర్లు వినేవి. ఆ పోగుల వెంట ఏ తెగులొస్తుందోనని కనకయ్యకు బెంగ పట్టుకుంది. "నా ముద్ర లేని పోగు కనిపిస్తే తెంచెయ్" అని కాపలా మిడత సింగన్నకు చెప్పాడు.

ఒకరోజు సాలీళ్లను వేటాడే కందిరీగ వచ్చింది. సింగన్న దాని కాళ్లూ రెక్కలూ తడిమి చూశాడు.

"సొంత పోగు ఏమైనా ఉందాండీ?"

"నాకు నేయడమే రాదు నాయనా."

"అయితే లోపలికెళ్లండి" అన్నాడు సింగన్న, ఒక బరువు దిగినట్టు.

కాసేపటికి కందిరీగ కనకయ్యను ఎత్తుకుపోతుంటే, అతను ప్రాణభయంతో ఒక పోగు విసిరి గూటికి వేలాడాడు. "లాగరా సింగన్నా" అని బతిమాలాడు.

సింగన్న ఆ పోగును అటూ ఇటూ తిప్పి చూశాడు. ముద్ర లేదు. మనసు కష్టపెట్టుకుంటూనే తెంచేశాడు.