పొట్టికాళ్ల గూడ్సింజను

పిల్లలూ, ఈ కథ మీరెప్పుడూ విని ఉండరు.

కొండదారిలో బొగ్గు వ్యాగన్లు లాగే ఆవిరింజను ఒకటి, వానకు పట్టాల మీద జారి ఆగిపోయింది. దానికి లాగే చక్రాలు నాలుగే, మనిషెత్తువి. ఈసారీ కొండెక్కకపోతే తుక్కు కింద అమ్మేస్తారని దానికి భయం. అదే తడి పట్టా మీద రోకలిబండ పురుగు బోలెడు పొట్టి కాళ్లతో తీరిగ్గా పాకిపోతోంది.

"నువ్వు జారవేం పిన్నీ?" అని అడిగింది ఇంజను.

"పొడుగుకాళ్లు పరుగుకి నాయనా. బరువు లాగాలంటే పొట్టివైనా ఎక్కువ కాళ్లుండాలి."

ఇంజను వెనక్కి దిగింది. వర్క్‌షాపులో పట్టుబట్టి పది పొట్టి చక్రాలు పెట్టించుకుంది.

మెయిలు బండి లాగే పెద్ద చక్రాల ఇంజను పకపకా నవ్వింది. "ఏం బావా, మోకాళ్లు కోయించుకున్నావా?"

"ఔను బావా. నీకంటే ఆలస్యంగానే వస్తాను. వ్యాగన్లన్నిటితో వస్తాను."

మళ్లీ వాన కురిసింది. పది చక్రాలూ పట్టాలను కరుచుకున్నాయి. బొగ్గంతా కొండ దాటింది.

ఈ కథ మీ పక్కింటి పిల్లలకు చెప్పండి, వాళ్ల భాషలోనైనా సరే.