వెనక సీటు

"రానంటే రాను. నా నడుం సంగతి నీకు తెలీదా?" ఫోన్‌లో తల్లి గొంతు నీరసంగా ఉంది. "పొద్దుట్నుంచీ మంచం దిగలేదు, కాఫీ కూడా మీ అన్నయ్యే తెచ్చిచ్చాడు. బండి మీద కొండలెక్కడం నావల్ల ఎక్కడవుతుంది చిన్నీ?"

"మొన్న వస్తానన్నావు కదమ్మా! నేను సెలవు కూడా పెట్టేశాను."

"అన్నాన్లే. ఇప్పుడు కాదంటున్నా. నువ్వు వెళ్ళిరా తల్లీ, జాగ్రత్త."

పెట్టేసింది.

చిన్ని ఫోన్ జేబులో పడేసింది. తనిప్పుడు షాకబ్జార్బర్ల షాపులో ఉన్నట్టు కూడా తల్లికి చెప్పలేదు. ముందే చెప్తే సరదా ఏముంటుంది? వెనక సీట్లో కూర్చోబెట్టి, గతుకుల మీదుగా పోనిచ్చి, "అరె, కుదుపే లేదే!" అని ఆవిడే అంటే వినాలనుకుంది.

బండి స్టాండు మీద ఉంది. వెనక చక్రం వేలాడుతోంది. విప్పేసిన పాత షాకబ్జార్బర్ నూనె కారుస్తూ నేల మీద పడి ఉంది. బల్ల మీద కొత్తవి రెండు. ఒకటి నల్లది, ఒంటరిగా తిరిగేవాళ్ళకి. రెండోది పసుపు స్ప్రింగుది. దానికి పక్కనే అతికిన చిన్న గ్యాసు డబ్బా, వెనక ఎక్కే మనిషి బరువుని బట్టి బిగించుకోవడానికి చేతి మర.

"అయితే వెనక మనిషి లేనట్టేనా?" అన్నాడు షాపాయన. ఊళ్ళో బండ్లు నడిపేవాళ్ళంతా ఆయన్ని స్ప్రింగుల బాబాయ్ అంటారు. "ఒక్కదానివే అయితే నల్లది చాలు. ఇద్దరికని గట్టిది వేసుకుని ఒక్కదానివే తిరిగావనుకో, గతుకు గతుక్కీ నిన్నెత్తి కుదేస్తుంది."

"మాటిచ్చి ఎగ్గొట్టింది బాబాయ్. నన్నింత ఊరించి, ఇప్పుడు తీరిగ్గా నడుం అంటోంది." చిన్ని వేలాడుతున్న చక్రాన్ని కాలితో తోసింది. "ఇంకొకళ్ళయితే పోనీలే అనుకుందును. మా అమ్మే ఇలా చేస్తే ఎలా?"

బాబాయ్ చేతిలో పానా పక్కన పెట్టాడు.

"నడుమేనా అసలు ఇబ్బంది? అయితే ఉండు. మొన్నీమధ్య పొరుగూరి నుంచి ఒకబ్బాయి వచ్చి ఇదే పసుపుది వేయించుకున్నాడు, వాళ్ళమ్మ కోసం. ఆవిడకీ నడుం పట్టేస్తుందట. ఆవిడ చేత మీ అమ్మకి నాలుగు ముక్కలు చెప్పిద్దాం. మనం చెప్తే వినరు గానీ, తోటి నడుం నొప్పివాళ్ళు చెప్తే వింటారు."

చిన్నికి నవ్వొచ్చింది. బాబాయ్ చేతులు తుడుచుకుని ఫోన్ కలిపాడు.

"నమస్తే అమ్మా, షాకబ్జార్బర్ షాపు నుంచి. అబ్బాయి లేడా? పెట్రోలు కొట్టిస్తున్నాడా? ఫర్లేదు, నాకు పని మీతోనే. ఎలా ఉందమ్మా బండి? ఆఁ... ఆఁ... ఊయల్లో కూర్చున్నట్టుందా!" చిన్ని వైపు తిరిగి కన్ను గీటాడు. "కొండ మీదే ఉన్నారట! దారిలో ఒక్కచోట కూడా ఆపమని అడగలేదట ఆవిడ."

చిన్ని ముఖం విచ్చుకుంది. "నొప్పి రాలేదా అని అడుగు బాబాయ్."

"ఇక్కడ మీలాగే ఒకావిడ నడుం నొప్పని బండెక్కనంటోందమ్మా. మీరో మాట... నడిపేదా? కూతురేనండీ. ఏం? ఎందుకని?"

ఆయన నవ్వు తగ్గిపోయింది. "అలాగా" అని, ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏమంటోంది?"

"వదిలెయ్. పాతకాలం మనిషి."

"చెప్పు బాబాయ్."

"కొడుకు నడుపుతుంటే కళ్ళు మూసుకుని కూర్చోవచ్చు గానీ, ఆడపిల్ల వెనక ఏ తల్లి కూర్చుంటుంది అంటోంది. నడుం నొప్పన్నది వంక అయ్యుంటుందట. పిల్ల మనసు నొప్పించడం ఇష్టంలేక అలా చెప్పుంటుందట."

చిన్నికి ఒళ్ళు మండింది. ముక్కూ మొహం తెలియని మనిషి, తన తల్లిని అబద్ధాలకోరుని చేసేస్తుందా? ఇందాక తల్లి మీద వచ్చిన కోపమంతా ఎటు పోయిందో పోయింది.

"ఫోనిలా ఇవ్వు" అని లాక్కుంది. "పెద్దమ్మా, మీరు పెద్దవారు. కానీ మా అమ్మ గురించి అలా అనకండి. ఆవిడ అలాంటి మనిషి కాదు. పాపం, పొద్దుట్నుంచీ మంచం దిగలేదు. లేవలేక రానంది గానీ నన్ను నమ్మక కాదు. నేను బండి కొన్నరోజు ఊరంతా నోరు నొక్కుకుంటే, తాళం తీసుకుని నా చేతిలో పెట్టింది మా అమ్మే!"

చిన్ని ఫోన్ రెండో చెవికి మార్చుకుంది.

"మీ మాట తప్పని చూపిస్తాను. ఆవిడ నడుం కాస్త సర్దుకోగానే, మీరున్న ఆ కొండకే తీసుకొస్తాను. బాబాయ్, పసుపుదే బిగించు!"

బాబాయ్ హుషారుగా పానా అందుకున్నాడు. పసుపు స్ప్రింగు చక్రం పైన చోటులో కూర్చుంది. బోల్టు తిరుగుతున్న చప్పుడు షాపంతా నిండింది.

"హలో? పెద్దమ్మా, వినబడుతోందా?"

గాలి హోరు. ఏదో లారీ హారన్.

"నువ్వా... చిన్నీ?"