ముక్కా, పెంకా

మా కోడలికి వాళ్ళమ్మ గుర్తుగా మిగిలిన ఒక్కగానొక్క పింగాణీ గిన్నె నా చేతిలోంచి జారి పగిలింది.

కోడలి ఉద్యోగం మ్యూజియంలో పగిలిన పాత కుండల్ని అతకడం. ఆమె లెక్కలో పక్కదానితో అంచు కలిసేది ముక్క, దేనితోనూ కలవనిది పెంకు. ముక్కను దాస్తుంది, పెంకును పారేస్తుంది.

నేల మీద చతికిలబడి పగిలినవన్నిటినీ ఒకదాని పక్కన ఒకటి పేర్చాను. అంచు దగ్గర వేలిగోరంత ఖాళీ మిగిలింది. దానికోసం మంచం కింద దూరాను, చీపురు కూడా విదిలించాను. ఈలోగా కుడి మడమ సలపడం మొదలైంది. భయపడటానికి నాకు ముహూర్తం అక్కర్లేదు. పక్షవాతం కాలి నుంచే పైకి పాకుతుందని తేల్చేసుకుని, బీరువా తాళాలు ఎవరికివ్వాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను.

సాయంత్రం కోడలు వచ్చింది.

"అమ్మాయ్, మీ అమ్మ గిన్నె పగలగొట్టేశాను. ఒక ముక్క ఎంత వెతికినా దొరకలేదు. నా కాలు కూడా పడిపోతోంది," అన్నాను.

"ముందు కాలు చూడనివ్వండి అత్తయ్యా. గిన్నె ఎక్కడికి పోతుంది?"

దీపం దగ్గరికి జరిపి, పట్టకారుతో మడమలోంచి తెల్లటిదేదో లాగింది.

"ఇదిగో మీ పక్షవాతం. పెంకు గుచ్చుకుంది."

"సరే, పారెయ్యమ్మా," అన్నాను సిగ్గుపడి.

పారెయ్యలేదు. కడిగి, గిన్నె అంచున ఖాళీలో ఆనించింది. అతికినట్టు కూర్చుంది.

"పెంకు కాదత్తయ్యా, ముక్కే," అంది.

పొద్దుటి నుంచి ఇల్లంతా వెతికాను. వెతికినంతసేపూ దాని మీదే నడిచాను.