లేబుల్ ఊడిన మోడెమ్

మార్చి పదకొండు. ఆ మధ్యాహ్నం మెకానిక్ అన్నం, వేయించిన చేప తిన్నాడు. చేప కావాలని అడిగి చేయించుకున్నాడు. తీరా పళ్ళెంలోకి వచ్చాక సగం వదిలేశాడు.

"అడిగి మరీ చేయించుకుని పారేస్తావా?" అని వంటవాడు కసిరాడు.

చెయ్యి కడుక్కుంటూ ఉండగానే జైలు ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఉన్నపళంగా రమ్మని.

ఆఫీసులో అందరి ముఖాలూ ముడుచుకుని ఉన్నాయి. పొద్దున పడిన పిడుగుకి ఫ్యాక్సు మిషను కాలిపోయింది. కంపెనీ మనిషి రేపు మధ్యాహ్నం గానీ రానన్నాడు. ఆరో గది ఖైదీకి రేపు తెల్లవారుజామునే ఉరి. క్షమాభిక్ష మీద సంతకం అయిపోయిందని లాయరు ఫోను మీద ఫోను చేస్తున్నాడు.

"మీ నోటిమాట మీద నేను ఉరి ఆపలేనండీ," సూపరింటెండెంటు ఫోనులో అంటోంది. "కాగితం నా చేతికి రావాలి. అక్కడ ఆఫీసు మూసేలోగా ఫ్యాక్సు చేయించండి. ఇక్కడ మా తంటాలు మేం పడతాం."

ఫోను పెట్టేసి, మెకానిక్ వైపు తిరిగింది.

"పాత మోడెమ్ ఒకటి బీరువాలో దొరికింది. కంప్యూటరుకి తగిలించి ఫ్యాక్సు వచ్చేట్టు చెయ్యగలవా?"

"చూస్తాను మేడమ్."

ఇక్కడికి రాకముందు అతను ఫ్యాక్సు మిషన్లు బాగుచేసే షాపులో పనిచేశాడు. ఆఫీసు కంప్యూటరు మొరాయించినప్పుడల్లా అతన్నే పిలుస్తారు.

డిప్యూటీ జైలరు కుర్చీ వెనక్కి వాల్చి చూస్తున్నాడు. అతనికి ఈ వ్యవహారం మొదటి నుంచీ నచ్చలేదు.

మెకానిక్ మోడెమ్‌ని అటూ ఇటూ తిప్పాడు. లేబుల్ ఊడిపోయింది. జిగురు మరక మాత్రం మిగిలింది.

"ఇది ఏ రకమో తెలియాలి సార్. ఫ్యాక్సు ప్రోగ్రాముకి రకం తప్పు చెప్తే, లైను కూతపెట్టి తెగిపోతుంది గానీ కాగితం రాదు. స్క్రూడ్రైవరు ఇప్పిస్తే విప్పి చూస్తా. లోపల చిప్పు మీద ఉంటుంది."

"స్క్రూడ్రైవరా? ఇంకేం, సుత్తీ గొడ్డలీ కూడా తెప్పించనా?" అన్నాడు డిప్యూటీ. "ఇది జైలు. నీ షాపు కాదు."

మెకానిక్ మోడెమ్ తీగని కంప్యూటరు వెనక తగిలించాడు. కంప్యూటర్లో నల్లటి తెర తెరిచాడు. అతనే ఎప్పుడో అందులో ఎక్కించిన చిన్న ప్రోగ్రాము ఒకటుంది. దానికి బొమ్మల్లేవు, బటన్లు లేవు. ఒక్క లైను టైపు చేస్తే, తీగ చివరున్న మోడెమ్‌ని 'నువ్వు ఏ రకం?' అని అడిగి, జవాబు తెచ్చి చూపిస్తుంది. అంతే దాని పని.

టైపు చేశాడు. ఒక అక్షరం తప్పు పడింది. చెరిపి మళ్ళీ కొట్టాడు.

"వేళ్ళేంటలా తడబడుతున్నాయి? చేప అరగలేదా?" అన్నాడు డిప్యూటీ.

తెర మీద జవాబు పడింది. మోడెమ్ లేదు.

"లేదట! విన్నారా మేడమ్? ఎదురుగా బండరాయిలా కూర్చునుంటే లేదంటోంది. దానిక్కూడా ఇష్టం లేదు."

"మీరు కాసేపు ఊరుకుంటారా?" అంది సూపరింటెండెంటు. ఫోను మళ్ళీ మోగితే పక్కగదిలోకి వెళ్ళింది.

మెకానిక్ మళ్ళీ అడిగించాడు. మోడెమ్ లేదు. ఇంకోసారి. లేదు.

డిప్యూటీ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. గొంతు తగ్గించాడు.

"గోదాముకి నిప్పుపెట్టాడు. లోపల కాపలావాడు నిద్రపోతున్నాడు. పక్కన పెళ్ళాం. వాళ్ళని ఆదుకోడానికి ఏ ఫ్యాక్సన్నా వచ్చిందా?"

"రాలేదు సార్."

"మరి వీడికెందుకు రావాలి? నువ్వు చెప్పు. వాణ్ణి వదిలెయ్యమంటావా?"

"నన్నెవరూ అడగలేదు సార్."

"నేనడుగుతున్నాగా ఇప్పుడు."

మెకానిక్ తెర మీంచి చూపు తిప్పలేదు.

"వదిలెయ్యమనను సార్."

డిప్యూటీ కుర్చీలో కదిలాడు. కిటికీ వైపు చూశాడు. తర్వాత విసుగ్గా లేచి, కంప్యూటరు వెనక్కి వంగి చూశాడు.

"కళ్ళున్నాయా, తాకట్టు పెట్టావా? నువ్వు అడుగుతోంది మొదటి సాకెట్టుని. తీగ రెండో దాంట్లో ఉంది."

మెకానిక్ తలెత్తి అతన్ని చూశాడు. లైనులో ఒక్క అంకె మార్చి మళ్ళీ కొట్టాడు.

ఈసారి మోడెమ్ పలికింది. క్లాస్ వన్.

ఫ్యాక్సు ప్రోగ్రాములో అంతదాకా క్లాస్ టూ అని ఉంది. దాన్ని మార్చాడు. పక్కగదిలోకి వినబడేలా అరిచాడు.

"పంపమనండి మేడమ్!"

లైను మోగింది. కూతపెట్టింది. కానీ తెగలేదు. ప్రింటరు ఒక్కో గీతా గీసుకుంటూ కాగితాన్ని బయటికి నెట్టింది. మెకానిక్ దాన్ని ముట్టుకోలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, తల వంచుకుని కూర్చున్నాడు.

సూపరింటెండెంటు పరుగున వచ్చి కాగితం అందుకుంది. ముద్ర చూసింది. సంతకం చూసింది. మొదటి నుంచీ మళ్ళీ చదివింది.

"ఉరి రద్దు. యావజ్జీవం."

"కాపలావాడి తల్లికి రేపు పేపర్లో తెలుస్తుంది," అన్నాడు డిప్యూటీ.

సూపరింటెండెంటు తన మంచినీళ్ళ గ్లాసు మెకానిక్ ముందుకి జరిపింది. అతను ఒక్క గుక్కలో తాగేశాడు.

"ఇంకేమన్నా ఉందా మేడమ్?"

"లేదు. ఇక వెళ్ళు."

"పద," అన్నాడు డిప్యూటీ.

ఇద్దరూ నడవా పొడవునా నడిచారు. చివర మెకానిక్ ఆరో గదిలోకి వెళ్ళి తన చాప మీద కూర్చున్నాక, డిప్యూటీ ఆ రాత్రికి తలుపు చప్పుడు కాకుండా మూశాడు.