నాలుగు గంటల బస్సు

దసరా సెలవులయ్యాక బడి తెరిచిన రోజున, నాలుగు గంటల బస్సు రెండున్నరకే వెళ్లిపోయింది.

ఆ సంగతి తెలియక ముగ్గురు సార్లు ఎప్పట్లాగే మూడున్నరకు పిల్లల్ని వదిలేసి రోడ్డు మీద నిలబడ్డారు. లెక్కల జగన్నాథ్, ఇంగ్లీషు మత్తయి, తెలుగు సంగమేశ్వర్. ముగ్గురి ఇళ్లూ నారాయణఖేడ్‌లోనే. బడి మాత్రం అక్కడికి ఇరవై ఐదు కిలోమీటర్లు, నాగల్‌గిద్ద దాటాక.

చేను నుంచి వస్తున్న బాలప్ప వాళ్లను చూసి ఆగాడు.

"బస్సు ఎప్పుడో పాయె సారు. ఇయ్యాల్టి సంది టైం మారిందట. ఇగ ఏడింటికే."

ముగ్గురూ వెనక్కి నడిచారు. హెడ్‌మాస్టర్ షఫీయుద్దీన్ తన గదిలో రిజిస్టర్ రాసుకుంటున్నాడు. జూన్‌లో బదిలీ మీద వచ్చాడు. ఆయన కాపురమూ నారాయణఖేడ్‌లోనే. వచ్చిన కొత్తలో, బడి నాలుగున్నర దాకా గదా అని ఒకసారి అడిగాడు. "బస్సు నాలుగింటికి సార్, మేమేం జేస్తం?" అన్నాడు మత్తయి. బస్సుకు ఎవరేం చెబుతారు? ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడు సంగతంతా విని కలం కింద పెట్టాడు.

"అయితే నేను గూడ ఏడు దాంక ఆగాలె" అన్నాడు. ఇంట్లో ఆయన భార్య సాలెహా బేగం ఆయాసంతో మంచాన ఉంది. "దరఖాస్తు రాయుర్రి. దస్కతులు పెట్టుర్రి. నేను తీస్కపోత."

రెండున్నరకు బడి వదిలే ధైర్యం ఎవరికీ లేదు. ఏడు దాకా పోయే దారీ లేదు. ఊళ్లో హోటల్ లేదు. మూడు గదుల బడి, చుట్టూ జొన్న చేలు, గోడ మీద గడియారం. జగన్నాథ్ ఇల్లు చేరేసరికి రెండేళ్ల కూతురు నిద్రపోయి ఉండేది. ఒక ఆదివారం ఎత్తుకోబోతే కొత్తవాణ్ణి చూసినట్టు ఏడ్చింది.

"జైల్ల ఏసిన్రు మనల్ని" అనేవాడు మత్తయి.

నెలకో దరఖాస్తు వెళ్లింది. హెడ్‌మాస్టరే డిపోకని తీసుకెళ్లేవాడు.

"ఏమన్నరు సార్?"

"ఏమంటరు? టైం మారలే గదా."

మొదటి పది రోజులూ ముగ్గురూ బల్లల మీద పడుకున్నారు. పదకొండో రోజు పదో తరగతి హన్మమ్మ కిటికీ దగ్గరికి వచ్చింది. అమ్మానాన్నలు చేను నుంచి వచ్చేదాకా ఆ పిల్ల బడి అరుగు మీదే ఉండేది.

"సారూ, గీ లెక్క సమజ్ గాలే."

జగన్నాథ్ పడుకునే చెప్పాడు. ఆమెకు అర్థం కాలేదు. విసుక్కుంటూ లేచి సుద్దముక్క అందుకున్నాడు. అరగంట చెప్పాక తెలిసింది, ఆ పిల్లకు భిన్నాలే రావు. అవి ఆరో తరగతి లెక్కలు. ఆరో తరగతిలో ఆమెకు లెక్కల సారు తనే.

ఆ సాయంత్రం అతను గడియారం వైపు చూడలేదు.

మర్నాడు ఆరుగురు వచ్చారు. వారం తిరిగేసరికి పదో తరగతి ఇరవై ఇద్దరూ కూర్చున్నారు. ఊరికే కూర్చుని విసిగిపోయి మత్తయి ఒక గంట అడిగి తీసుకున్నాడు. తర్వాత సంగమేశ్వర్. హెడ్‌మాస్టర్ కూడా ఇంటి నుంచి రెండు కందీళ్లు తెచ్చి పెట్టి, సోషల్ పాఠం తను అందుకున్నాడు.

జనవరిలో ఒక రోజు, నాలుగు దాటాక, బీదర్ వైపు పోయే కందుల లారీ బడి ముందు ఆగింది. డ్రైవర్ దిగి వచ్చాడు.

"సార్, మీ బేగంను దవాఖానల ఏసిన్రు. ఊపిరి ఆడ్తలేదంట."

ఏడు దాకా బస్సు లేదు. షఫీయుద్దీన్ బాలప్ప సైకిల్ అడిగి తీసుకున్నాడు. యాభై ఏడేళ్ల మనిషి. గతుకుల రోడ్డు మీద ఊగుతూ పోతున్న ఆ సైకిల్‌ను ముగ్గురూ కనుమరుగయ్యేదాకా చూశారు.

ఆమె బతికింది. నాలుగో రోజు ఆయన బడికి వచ్చాడు. మోకాలికి కట్టు ఉంది.

"నాలుగు గంటల బస్సుంటే మీకు గింత పరేషాన్ ఉండకపోవు సార్" అన్నాడు జగన్నాథ్. "ఈసారి గట్టిగ రాస్త."

"రాయి" అన్నాడు షఫీయుద్దీన్. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కందీళ్ల గాజులు తుడవడానికి వెళ్లాడు.

అంతకు ముందు ఏడాది పదో తరగతిలో ఇరవై ఒక్క మంది రాస్తే ఒక్కడు గట్టెక్కాడు. ఈసారి ఇరవై ఇద్దరిలో పదిహేడు మంది పాసయ్యారు. హన్మమ్మకు లెక్కల్లో డెబ్బై ఒకటి వచ్చాయి. రిజల్ట్ పేపర్ చూసి మత్తయి బయటికి వెళ్లి, చాలాసేపు ముఖం కడుక్కున్నాడు.

మరుసటి ఏడాది షఫీయుద్దీన్ రిటైరయ్యాడు. బడి బాధ్యత జగన్నాథ్ చేతికి వచ్చింది. "ఇప్పుడు నువ్వే పెద్ద సారువు. పోయి బస్సు సంగతి తేల్చుకరా" అని మిగతా ఇద్దరూ వెంటపడ్డారు. అతను ఒక రోజు సెలవు పెట్టి డిపోకు వెళ్లాడు.

క్లర్కు భూమన్న దరఖాస్తు చదివి తలెత్తాడు.

"ఇన్నొద్దులు ఏం జేసిన్రు సారు? ముందుగాల్నే అడగకపోయిన్రా?"

"నెల నెలా అడిగినం. పదిహేను దరఖాస్తులు ఇచ్చినం."

"మాకు ఒక్కటి గూడ రాలే. మీ బడి కాయితం ఫైల్ల ఒక్కటే ఉన్నది, చూడుర్రి."

భూమన్న ముందుకు తోసిన ఆ పాత కాగితంలో, సాయంత్రం నాలుగు గంటల బస్సును దసరా తర్వాత నుంచి రెండున్నరకే నడపవలసిందిగా కోరుతూ సంతకం ఉంది: మొహమ్మద్ షఫీయుద్దీన్, ప్రధానోపాధ్యాయుడు.