మేస్టారి పెన్ను

"సంతకమంటూ పెడితే మా మేస్టారి పెన్నుతోనే పెడతాను బాబూ," అంది బుల్లమ్మ.

ప్రకాష్‌కి ప్రాణం లేచొచ్చింది. కళింగపట్నంలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఆవిడ సరుగుడు తోట మీద రిసార్టు కట్టేవాళ్ళ కన్ను పడి ఏడాదైంది. వాళ్ళ తరఫున తిరుగుతున్న ప్రకాష్‌కి, ఈసారి సంతకం లేకుండా వస్తే ఇక ఆఫీసుకి రానక్కర్లేదని మేనేజరు చెప్పేశాడు.

కోడలు దుర్గ మావగారి పెన్ను తెచ్చిచ్చింది. పక్కన ఇత్తడి మీట ఉన్న పాతకాలం పెన్ను. మీట ఎత్తి దించితే లోపలి రబ్బరు తిత్తి సిరా పీల్చుకోవాలి. మీట కదిలితేగా.

"మేస్టారు పోయినకాడ్నించి ఇలాగే ఉన్నాది," అంది బుల్లమ్మ.

ప్రకాష్ చుట్టూ చూశాడు. గోడగడియారం టంచనుగా కొడుతోంది. కిటికీలో ముసలి రేడియో ఖంగుమని పాడుతోంది.

"అవి మాత్రం బాగానే ఉన్నాయి కదమ్మా."

"అవీ మేస్టారివే. ఎవరో ఒక మంచి బాబు బాగుసేసి పెడతంటాడు."

బాగు చేయిస్తానని పెన్ను పట్టుకెళ్ళి శ్రీకాకుళం షాపుల్లో చూపిస్తే నవ్వారు. దాంతో ప్రకాష్ ఫోన్లో వీడియోలు చూసి తనే కూర్చున్నాడు. భార్య కృపారాణి హెయిర్ డ్రయ్యర్‌తో పెన్ను మెడ వెచ్చబెట్టి, మెల్లగా తిప్పి ఊడదీశాడు. ఎండిన తిత్తి పెంకుల్లా రాలింది. కొత్తది తెప్పించి లక్కతో అంటించాడు. లోపల అతుక్కోకుండా దానికి భార్య పౌడరు పూశాడు.

"పెన్నుకి పౌడరేటి?" అని సణిగింది కృపారాణి.

"ఇది రాస్తే ఉద్యోగముంటాది. రాయకపోతే మీ నాన్నింటికెళ్ళి కూకోవాలి."

ఆవిడ డబ్బా మొత్తం అక్కడే వదిలేసింది.

ఒకసారి తిత్తి మెలిపడింది. ఇంకోసారి కొత్త చొక్కా మీద సిరా కక్కింది. చివరికి ఓ ఆదివారం, చర్చి నుంచి వచ్చాక, మీట ఎత్తగానే సీసాలో బుడబుడమని బుడగలొచ్చాయి. పెన్ను రాసింది. ప్రకాష్ పేపరు నిండా తన పేరే రాసుకున్నాడు.

మర్నాడు బుల్లమ్మ కాగితాలు ముందేసుకుంది. మీట ఎత్తి దించింది. పాత క్యాలెండరు మీద భర్త పేరు రాసి చూసుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఆయన పెన్ను పట్టుకుని, ఆయనేసిన తోట అమ్మడానికి సెయ్యాడ్డం నేదు బాబూ."

ప్రకాష్ సిరా మరకలంటిన తన వేళ్ళకేసి చూసుకున్నాడు.

"నువ్వేటీ బెంగెట్టుకోకు. నీ సేతిలో పనున్నాది. ఇలాటి పెన్నులట్టుకుని ఎంతమంది తిరగతన్నారో," అంది ఆవిడ.

నిజమే కదా అనిపించింది అతనికి. కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. చేతులు జోడించి, బండెక్కి వెళ్ళిపోయాడు.

బండి మలుపు తిరిగేదాకా చూసి, బుల్లమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని లోపలికి కేకేసింది.

"ఒసే దుర్గా, రేపు తోట కోసం ఇంకో బాబొస్తాడంట, మేస్టారి హార్మోనీ పెట్టె అటక మీంచి దించి ఉంచు."