ముందు అమ్మకి

“ముందు అమ్మకి!” అంటూ మూడేళ్ల పాప చేతులు వెనక్కి దాచేసుకుంది.

“ఈ పిడుగుతో వేగలేను. సరే, అమ్మకే ముందు,” అంది పోషకాహార కేంద్రం కార్యకర్త.

ఆర్నెల్లుగా ఇదే తంతు. పిల్లల జబ్బ కొలిచే రంగుల టేపును తల్లి చేతికి ఆనించి చూపిస్తేగానీ పాప తన చెయ్యివ్వదు. ఊరికే ఆనించడమే. ఆ టేపు పెద్దవాళ్ల జబ్బ చుట్టూ రాదు. అందుకే కార్యకర్త ఎప్పుడూ ఆ చేతికేసి కాక పాప మొహమే చూసేది.

తర్వాత పాప వంతు. మొదట్లో ఎరుపు దగ్గర ఆగిన టేపు ఇవాళ ఆకుపచ్చ చూపించింది.

“గట్టెక్కావే!” కార్యకర్త చప్పట్లు కొట్టింది. “ఇంక మా బలం పొడి అక్కర్లేదు. పేరు తీసేస్తున్నా.”

“ఇంకో నెల ఉంచక్కా,” అంది తల్లి.

“ఎందుకు? బాగానే తింటోందిగా?”

“తింటోంది. దాని పళ్లెం అయ్యాక నాదీ తింటోంది.”

“మరి నువ్వు?”

“నాకేంలే అక్కా.”

ఈలోగా పాప టేపు లాక్కుని తల్లి జబ్బ చుట్టూ తిప్పింది. కొసలు కలిశాయి. కలవడమే కాదు, ఇంకా బెత్తెడు మిగిలింది.

“అమ్మది కూడా ఆకుపచ్చే! చప్పట్లు కొట్టు పెద్దమ్మా!”

కార్యకర్త చేతులు లేవలేదు. ఆర్నెల్లుగా ఆ జబ్బకి తన చేత్తోనే టేపు ఆనిస్తోంది.

తల్లి గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

“పిల్లది అడుగుతోందిగా,” అంది మెల్లగా. “కొట్టక్కా.”